కదలకుండా కూర్చునే పని

మా బావ ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే మా అక్కకు నోరు పెగిలేది కాదు. "కాలేజీలో చేస్తారండీ" అని అక్కడితో ఆపేసేది. అవతలివాళ్లు ఊరుకుంటారా? "ఏం చెబుతారు, లెక్కలా, సైన్సా?" అనేవారు. అక్క నా వైపు చూసేది. నాకు అలాంటి మొహమాటాలు లేవు. "ఏమీ చెప్పడు. కూర్చుంటాడు. పిల్లలు ఆయన్ని చూసి బొమ్మలు గీసుకుంటారు. అదే పని" అనేదాన్ని. వాళ్లు నవ్వాలో వద్దో తెలియక, "అదృష్టవంతుడు, కూర్చుంటే జీతం" అనేవారు. అలా అన్న ప్రతి ఒక్కరినీ ఒక పూట ఆ బల్ల ఎక్కించాలన్నంతగా నాకు ఒళ్లు మండేది.

జీతం అన్న మాటే అబద్ధం. ఆయనది పూటకూలి. పొద్దున్నే బొమ్మల కాలేజీకి వెళ్లి ఆఫీసు కిటికీ పక్కనున్న బోర్డు చూడాలి. ఆ రోజు మనిషిని చూసి గీసే క్లాసు ఉంటే కూలి ఉన్నట్టు, లేకపోతే వచ్చిన దారినే ఇంటికి. సెలవులకు కూలి లేదు, పరీక్షలకు లేదు, మాస్టారికి జ్వరమొస్తే లేదు. తనకు జలుబు చేస్తే అసలే లేదు. మాటిమాటికీ తుమ్మే మనిషిని ఎవరు గీస్తారు? జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆ బల్ల ఎక్కినవాడు జుట్టు పూర్తిగా తెల్లబడే దాకా అదే బల్ల మీద ఉన్నాడు. ఆ కాలేజీ హాజరు పట్టీలో మాత్రం ఆయన పేరు ఏనాడూ లేదు.

అంతకుముందు నాటకాల్లో ఉండేవాడు. నాటకాలంటే రాజు వేషమో మంత్రి వేషమో అనుకునేరు. భటుడు. సింహాసనం పక్కన ఈటె పట్టుకుని, తెర లేచింది మొదలు పడేదాకా నిలబడటం. ఒకసారి రంగం మధ్యలో పైనున్న అట్ట తోరణం తెగి ఆయన నెత్తిన పడిందట. రాజు కెవ్వుమన్నాడు, మంత్రి లోపలికి పరిగెత్తాడు, మా బావ రెప్ప కూడా కొట్టలేదు. ముందు వరుసలో కూర్చున్న మా అక్క ఆ నిబ్బరం చూసి మనసు పారేసుకుంది. "నిబ్బరం కాదే, దెబ్బకు దిమ్మ తిరిగి ఉంటుంది" అని నేను ఎన్నోసార్లు అన్నాను. అక్క వినదు.

ఆ నాటకం కంపెనీ మూతపడింది. మాటలున్న వేషాలు వేసినవాళ్లు కిందామీదా పడి ఎక్కడో ఒక చోట తేలారు. ఈటె పట్టుకుని నిలబడ్డవాడిని ఎవరు పిలుస్తారు? "మాటలిస్తే ఎవడైనా వేస్తాడు. మాటల్లేకుండా నిలబడమను చూద్దాం" అని బావ ఇంట్లో గొణిగేవాడు. చివరికి ఆ కంపెనీకి తెరలు రాసిన పెద్దమనిషి ఒకాయన ఈయన్ని బొమ్మల కాలేజీకి తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టాడు. మొదటి రోజు చొక్కా విప్పమన్నారని తెలిసి మా అక్క ఇల్లు పీకి పందిరేసింది. తర్వాత అలవాటు పడింది. అలవాటు పడక ఏం చేస్తుంది?

ఆ పనిలోనూ పద్ధతులున్నాయి. మోడల్ కూర్చోగానే కాళ్ల చుట్టూ, స్టూలు కాళ్ల చుట్టూ సుద్దతో గీతలు గీస్తారు. మధ్యలో లేచి టీ తాగి వచ్చాక మళ్లీ సరిగ్గా ఆ గీతల్లోనే కాళ్లు పెట్టాలి. ఎదుటి గోడ మీద ఒక మచ్చనో మేకునో చూసుకుని చూపు దాని మీదే నిలపాలి. దురద పుడితే దాన్ని పట్టించుకోకుండా ఇంకో చోట నొప్పి ఉంటే దాని గురించి ఆలోచించాలట. చలికాలంలో పక్కన ఒక హీటరు పెట్టేవాళ్లు. ఒక పక్క కాలేది, రెండో పక్క గడ్డకట్టేది. "నన్ను ఒక వైపే వండుతున్నారు మరదలా, తిప్పి వేసే నాథుడు లేడు" అనేవాడు. నేను టైలర్ని. మేముండే ఇంట్లో కింద టైర్ల కొట్టు, పైన రెండు గదులు, ఒక దాంట్లో అక్కా బావా, ఇంకో దాంట్లో నేనూ నా మిషనూ. పెళ్లీ గిళ్లీ నాకు పడలేదు, ఆ కథ వేరు.

బావకు ఒక్కటే బాధ ఉండేది. అన్నేళ్లలో ఆయన్ని వేల కాగితాల మీద గీసి ఉంటారు. ఒక్కటీ మిగల్లేదు. ఏడాది చివర ఆ కాగితాలన్నీ చిత్తు కింద పోయేవి. ఒకసారి బస్టాండులో వేరుశనగపప్పు కొనుక్కుని, పొట్లం విప్పి చూస్తే లోపల బొగ్గుతో గీసిన చెవి. తన చెవే. తమ్మె మీది పుట్టుమచ్చతో సహా ఉంది. ఇంటికి తెచ్చి మాకు చూపించాడు. నేను పడీ పడీ నవ్వాను. ఆయనా నవ్వాడు గానీ, ఆ నూనె కాగితాన్ని సాపు చేసి పరుపు కింద పెట్టుకున్నాడు.

తర్వాత చెయ్యి మొదలైంది. ఎడమ చెయ్యి. మొదట చూసింది అక్క. భోజనం అయ్యాక బావ ఊరికే కూర్చుని ఉంటే చెయ్యి మోకాలి మీద సన్నగా వణుకుతోంది, బొటనవేలు చూపుడువేలిని రాస్తూ గింజలు లెక్కపెడుతున్నట్టుంది. గ్లాసు అందుకోబోతే ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి చెయ్యి వదిలేయగానే మళ్లీ మొదలు. డాక్టరు పరీక్ష చేసి, ఇది ఇంతే, మందులతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు అన్నాడు. చేతికి పని చెబితే బుద్ధిగా ఉండేది, ఊరికే ఉంచితే వణికేది. ఊరికే ఉంచడమే ఆయన ఉద్యోగమాయె. వేరే ఏ పనిలో ఉన్నా ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చేవాడు. దేవుడికి కూడా మా బావే దొరికాడు.

కాలేజీలో తెలిస్తే బోర్డు మీద ఆయన క్లాసులు కనబడవు. అందుకని చెయ్యి దాచడం మొదలుపెట్టాడు. కూర్చుంటే ఎడమ చేతిని తొడ కింద పెట్టేవాడు, నిలబడితే కర్ర పట్టుకునేవాడు. "తాతగారు ఈ మధ్య కర్ర పోజులే ఇస్తున్నారేంటి?" అని పిల్లలు అడిగితే, "వయసొచ్చింది కదమ్మా, హుందాగా ఉంటుందని" అనేవాడట.

సరిగ్గా అప్పుడే శిల్పం మాస్టారు ఆయన్ని పిలిచాడు. ఏదో ఆసుపత్రివాళ్లు ముందున్న తోటలో పెట్టడానికి ఒక శిల్పం అడిగారు. ఒక ముసలాయన స్టూలు మీద కూర్చుని ఎవరి కోసమో ఎదురు చూస్తూ ఉండాలి. మనిషంత ఎత్తు. ముందు మట్టితో చేసి, తర్వాత కంచులో పోస్తారు. కాలేజీకి పెద్ద పేరొచ్చే పని. ప్రిన్సిపాల్ బావను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి మరీ చెప్పాడట: "ఇది సవ్యంగా పూర్తి చేయించండి. మోడల్ పోస్టు ఒకటి శాంక్షన్ చేయిస్తాను. పర్మనెంటు. వెనకాల క్వార్టర్ కూడా ఖాళీగానే ఉంది."

మా ఇంటి ఓనరు అప్పటికే ఇల్లు పడగొట్టి గోడౌను కడతానని మమ్మల్ని ఖాళీ చెయ్యమన్నాడు. ఆ మాట విన్న మర్నాడే అక్క ఆ క్వార్టర్ చూసి రావడానికి బయల్దేరింది. నన్నూ లాక్కెళ్లింది. ఒక గది, వసారా, గోడకు కుళాయి. కుళాయి తిప్పి చూసింది, నీళ్లొచ్చాయి. కిటికీలు జానలతో కొలిచి, "రెండు కిటికీలకీ కర్టెన్లు కుట్టెయ్యి. నీ మిషను వసారాలో పడుతుందిలే" అంది. అక్క అంత గట్టిగా మాట్లాడటం నేను చాలా కాలానికి విన్నాను. తిరిగి వచ్చేటప్పుడు, దారిలో ఎదురైన ఒకావిడ ఏం చేస్తారని అడక్కపోయినా, "మా ఆయన కాలేజీలో పర్మనెంటు అవుతున్నారు" అని చెప్పింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, శిల్పం మాస్టారికి రెండు చేతులూ కనబడాలి. కుడి చెయ్యి స్టూలు అంచు మీద, ఎడమ చెయ్యి మోకాలి మీద, వదులుగా. "చెయ్యి ఊరికే అలా పడి ఉండాలండీ. ఆ చేతిలోనే ఉంది అంతా" అన్నాడట. బావ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"అయిపోయింది మరదలా. వదులుగా కావాలంట."

"బట్టలతోనే కదా కూర్చునేది?" అన్నాను.

"ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు. అయితే?"

"చొక్కా మడతలు రోజూ ఒకేలా ఉండాలి కదా మీ మాస్టారికి?"

"ఉండాలి. దానికే నన్ను చంపుతాడు."

"అయితే మడతలు సర్దడానికి మా మరదలు వస్తుందని చెప్పు. టైలరని చెప్పు."

మాస్టారు సంతోషంగా ఒప్పుకున్నాడు. మర్నాటి నుంచి నేను సూదీ దారంతో వెళ్లేదాన్ని. బావ సుద్ద గీతల్లో కాళ్లు పెట్టి కూర్చోగానే మోకాళ్ల మీద వంగి మడతలు సర్దుతున్నట్టు నటిస్తూ, ఎడమ చొక్కా చేతి అంచును ప్యాంటుకు పట్టి నాలుగు పోగులు కచ్చాకుట్టు వేసేదాన్ని. అరచేతి కింద ప్యాంటుకు దారంతో చిన్న ముడి ఉంగరం చేసి అందులో బొటనవేలు దూర్పించేదాన్ని. పైకి చూస్తే చెయ్యి మోకాలి మీద వదులుగా పడి ఉన్నట్టే ఉండేది. లోపల అది కుట్టేసి ఉంది. "గట్టిగా బిగించకే, నన్ను ప్యాంటుకు గుండీ చేసేస్తావా?" అని పెదవులు కదపకుండా అనేవాడు. భటుడి వేషంలో నేర్చిన విద్య అది.

నవ్వులాటగానే మొదలైంది గానీ, చూస్తూ ఉండటం నా వల్ల అయ్యేది కాదు. కుట్టు విప్పితే గానీ లేవలేడు కాబట్టి మధ్యలో విరామం ఇచ్చినా లేచేవాడు కాదు. పిల్లలు బయటికెళ్లి టీలు తాగి నవ్వుకుంటూ వచ్చేవారు, ఆయన అక్కడే ఉండేవాడు. నేను టీ గ్లాసు నోటికి అందించేదాన్ని. నడుము పట్టేసేది, కాళ్లు మొద్దుబారేవి. చెయ్యి లోలోపల గింజుకునేది, నాకు తెలిసేది, దారం సన్నగా లాగుతూ ఉండేది. మాస్టారు మాత్రం మురిసిపోయాడు. "చూడండ్రా, విరామంలో కూడా లేవట్లేదు. మనిషంటే ఈయన, అంకితభావం అంటే ఇది" అని పిల్లలకు చూపించేవాడు. బావ గోడ మీది మేకును చూస్తూ ఉండిపోయేవాడు. ఇంటికి వచ్చాక అక్క ఆయన కాళ్లకు నూనె రాస్తూ మాట్లాడకుండా ఏడ్చేది. "క్వార్టర్ వద్దు ఏమీ వద్దు, మానెయ్యండి" అని ఒక రోజు అననే అంది. "ఇంకెంత, చెవులూ జుట్టే మిగిలాయి" అన్నాడు బావ.

చివరి రోజున దారం తెగింది. మాస్టారు చెవి దగ్గర మట్టి అద్దుతున్నాడు. బొటనవేలి ఉంగరం పుటుక్కుమంది, కచ్చాకుట్టు ఊడింది, చెయ్యి మోకాలి మీద తన ఇష్టం వచ్చినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. బావ చూపు తిప్పలేదు, మొహం తిప్పలేదు. చెయ్యి ఒక్కటే ఆడుతోంది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మాస్టారు ఆ చేతి వైపు చూసి, మళ్లీ చెవి వైపు తిరిగాడు.

"పర్వాలేదండీ, వదిలెయ్యండి. చెయ్యి ఎప్పుడో అయిపోయింది" అన్నాడు మెల్లగా.

పిల్లల్ని పంపేశాక మాస్టారు ఆయన పక్కన బల్ల మీదే కూర్చున్నాడు. తనకు మొదటి వారమే తెలుసునట. "మా నాన్నగారి చెయ్యి కూడా ఇలాగే ఉండేది" అన్నాడు. "ప్రిన్సిపాల్ గారికి నేను చెప్పను. పోస్టు సంగతి నేను గుర్తుచేస్తాను. ఇంకా మీకేమైనా కావాలా, అడగండి."

అడగాల్సింది ఒక్కటే. నేను వెనక నుంచి గిల్లుతూనే ఉన్నాను. ఆ పోస్టు మాటేదో కాగితం మీద రాయించి ఇప్పించండి అని అడగాలి. మా మహానుభావుడు నోరు తెరిచి ఏమడిగాడో తెలుసా?

"సారూ, అచ్చు తీస్తారు కదా. దాంట్లోంచి ప్లాస్టరుతో ఇంకోటి పోసి మన క్లాసులో పెడతారా? నేను కూర్చునే చోట, పక్కన ఎక్కడైనా సరే. అది ఆసుపత్రికి వెళ్లిపోతుంది. నేను గీయించుకున్నవన్నీ పొట్లాలకే పోయాయి. ఒక్కటి ఉంటే బాగుంటుందని."

మాస్టారికి కళ్లు చెమ్మగిల్లాయి. తప్పకుండా అన్నాడు. దారి పొడుగునా నేను బావను తిట్టిపోశాను. "బొమ్మ ఎవడికి కావాలి? అదేమైనా నీకు తిండి పెడుతుందా?" అన్నాను. ఆయన చెయ్యి జేబులో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుతూ నడిచాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

శిల్పం బ్రహ్మాండంగా కుదిరిందన్నారు. కంచు బొమ్మ ఆసుపత్రికి వెళ్లింది, ఆ పేరు మీద మాస్టారికి వేరే చోట పెద్ద పని దొరికి ఆయనా వెళ్లిపోయాడు. వెళ్లే ముందు మాట నిలబెట్టుకున్నాడు, ప్లాస్టరు బొమ్మ క్లాసులో పెట్టించి మరీ వెళ్లాడు. ప్రిన్సిపాల్‌కు కూడా చెప్పే ఉంటాడు. సెలవులయ్యాయి. కాలేజీ తెరిచారు. బావ తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బోర్డు చూడటానికి కాకుండా నేరుగా ఆఫీసులోకి వెళ్లాడు.

గుమాస్తా మంచివాడే. కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి చెప్పాడట. "మోడల్ పోస్టు పెట్టట్లేదండీ. పూటకూలి మోడళ్లను కూడా ఆపేశారు. మీ బొమ్మ వచ్చాక ఫస్టియర్, సెకండియర్ వాళ్లకి దాంతోనే క్లాసులు పెడుతున్నారు. ప్రిన్సిపాల్ గారే అన్నారు, దానికి టీ అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు, కదలదు అని. పై ఏడాది వాళ్లకి వీడియోలున్నాయి."

"నా చెయ్యి సంగతి ఏమైనా అన్నారా?" అని అడిగాడట బావ.

"మీ చేతికేమైందండీ?" అన్నాడట గుమాస్తా.

ఎన్నాళ్లు కుట్టాను ఆ చేతిని! ఎవరికీ కనబడకూడదని ఎంత వణికిపోయాం! అసలు ఆ చేతి సంగతి వాళ్లకు తెలియనే తెలియదు. ఇది విన్నప్పుడు నేను మిషను మీద తల పెట్టి ఏడ్చాను. అక్క ఏడవలేదు. బావ చెప్పినంత సేపూ విని, లోపలికి వెళ్లి, మడత పెట్టి ఉంచిన కర్టెన్లు తెచ్చి నా ఒళ్లో పడేసింది. "దిండు గలీబులు కుట్టు. గుడ్డ వృథా చెయ్యకు" అంది. ఆ మాటతో మా ఇంట్లో క్వార్టర్ ఊసు ముగిసింది. ఊరి చివర, బస్సు దిగాక కూడా చాలా దూరం నడవాల్సిన చోట, ఒకే గది దొరికితే ముగ్గురం అందులోకి మారాం.

మారే ముందు బావ, "నా దిండు క్లాసులోనే ఉండిపోయింది, తెచ్చుకుందాం రా" అన్నాడు. స్టూలు మీద వేసుకునే దిండు, నేను కుట్టిందే. నిజానికి దిండు కోసం కాదని నాకు తెలుసు. క్లాసులో పెట్టిన తన బొమ్మను ఆయన ఇంకా చూడలేదు.

క్లాసు జరుగుతోంది. అందరూ కొత్త పిల్లలు, ఆయన ఎవరో తెలియనివాళ్లు. చుట్టూ స్టాండ్లు, మధ్యలో బల్ల, బల్ల మీద తెల్లగా మా బావ. ఎదురు చూస్తూ కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద అలా పడి ఉంది, ఎంత నిమ్మళంగా ఉందంటే నాకు చూడబుద్ధి కాలేదు. బొగ్గు గీతల చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. మా బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. దాచుకోవడం మరిచిపోయాడు, చెయ్యి పక్కన వేలాడుతూ వణుకుతోంది. ఎవరైనా తలెత్తి ఆ మొహాన్నీ ఈ మొహాన్నీ చూస్తారని నేను ఎదురు చూశాను. పుట్టుమచ్చ ఉన్న ఆ చెవిని పొద్దున్నుంచీ గీస్తున్నారు కదా, ఒక్కరైనా గుర్తు పట్టరా అనుకున్నాను.

గుమ్మానికి దగ్గరగా కూర్చున్న అమ్మాయి తలెత్తింది. బావ వైపు చూసింది. మర్యాదగానే అడిగింది.

"తాతగారూ, కొంచెం పక్కకి జరుగుతారా? బొమ్మ మీద మీ నీడ పడుతోంది."

ఆ బొమ్మ ఈయనదే అని నాకు నోటి దాకా వచ్చింది. బావ నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ అమ్మాయి బొగ్గు పట్టుకుని, ఆయన జరిగేదాకా గీయకుండా ఆగింది.

"క్షమించమ్మా" అని బావ పక్కకు జరిగాడు.